గడప దాటని బడి

విరుదునగర్‌లో ఆడబిడ్డ ఉషా ఇంట్లో చెవులు కుట్టే వేడుక నాడు మునీశ్వరి నోరు జారింది. ఆమె నోరు జారడం కొత్తేమీ కాదు. ఇంతకు ముందు జారినప్పుడల్లా గుంటలోనో గోతిలోనో పడి, దులుపుకుని లేచేది. ఈసారి పోయిపోయి అయిదు పుస్తకాల మీద పడింది.

మునీశ్వరికి ఒక్కతే కూతురు, శివరంజని. కోవిల్‌పట్టిలో తొమ్మిదో తరగతి చదువుతుండగా ఆ పిల్లకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు, గోళ్ళు పసుపు, కప్పుకున్న దుప్పటి కూడా పసుపెక్కిందని వీధిలో చెప్పుకున్నారు. సగం సంవత్సరం మంచం మీదే గడిచింది. లేచి బడికి వెళ్తే, హాజరు చాలలేదు కాబట్టి మళ్ళీ తొమ్మిదిలోనే కూర్చోమన్నారు. తన భుజం దాకా రాని పిల్లల మధ్య కూర్చోవడం కంటే మళ్ళీ కామెర్లు తెచ్చుకోవడమే నయమని శివరంజని బడి సంచిని మేకుకు తగిలించేసింది. ఇక మిగిలిన దారి ఒకటే. ఇంట్లో చదువుకుని, పదో తరగతి పరీక్షలు ప్రైవేటుగా రాయడం.

వేడుకలో బంతి సాగుతుండగా, చేతిలో సాంబారు బకెట్టుతో నిలబడి, ఆకుల ముందున్న బంధువులందరికీ వినబడేలా ఉషా ఆ సంగతి ఎత్తింది. ఉషా మునీశ్వరి మొగుడు సీనివాసన్‌కి అక్క.

"పిల్లని ఈడ వదిలిపెట్టేసి పో, మునీ. మా వీదిలోనే టూసన్ హాస్టల్ ఉండాది. కోడి కూసేకముందే లేపి చదివిస్తారు. నీ దగ్గిర ఉంటే కడలమిట్టాయి చుట్టేది నేర్చుకుంటాది, అంతే."

మునీశ్వరి పనిచేసేది కడలమిట్టాయి చేసేచోట. వేరుశనగ పప్పును బెల్లం పాకంలో కలిపి, పలకలుగా పరిచి, ముక్కలు కోసే పని. ఆ మాట ఆమెకు పాకం గరిటె వీపున అంటించినట్టు తగిలింది.

"నేనూ ఎనిమిదిదాకా చదివినదాన్నే వదినా. అయిదు పాటాలూ నేనే చెప్తా. ఏ హాస్టలూ వద్దు."

"అయిదూనా?"

"అయిదూ."

"లెక్కలు గూడానా?"

"లెక్కలు గూడా."

ఉషా బకెట్టు కింద పెట్టింది. "అట్లయితే కార్తీక దీపం నాడు నేనే వచ్చి అడుగుతా. రంజి జవాబు చెప్పిందా, నీ దగ్గిరే ఉండనీ. చెప్పలేదా, ఆ సాయంత్రం బస్సుకే నాతో పిలుచుకోని వస్తా. ఇంతమంది ముందర సరే అని చెప్పు."

మునీశ్వరి సరే అంది. అనేసి, తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా నోరు విప్పలేదు. పెళ్ళయినాక ఆ నోరు అంతసేపు మూసుకుని ఉండటం అదే మొదటిసారని సీనివాసన్ ఇప్పటికీ చెప్తాడు. ఆమె భయం ఆమెకుంది. తన చిన్నప్పుడు, ఎనిమిది అయ్యాక, చదివిస్తామని ఒట్టపిడారంలో చిన్నత్త వాళ్ళు పిలుచుకుపోయారు. మొదట చేతికి పుస్తకం ఇచ్చారు, తర్వాత చీపురు ఇచ్చారు, ఆ తర్వాత ఎనుము పలుపు ఇచ్చారు. ఉషా అలాంటిది కాదు, మంచి మనిషే. అయినా 'పక్క ఊళ్ళో చదువు' అన్న మాట వింటే చాలు, మునీశ్వరి ముక్కుకు ఎనుము వాసన తగులుతుంది. సగం సంవత్సరం నోట్లో గంజి పోసి బతికించుకున్న పిల్లను ఆ వాసనలోకి ఎలా పంపుతుంది?

ఇంటికి వచ్చి పుస్తకం తెరిస్తే, అసలు గండం నడింట్లో మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. ఆమె మునీశ్వరి అత్తగారు పట్టమ్మాళ్, నాగలాపురం పక్క పల్లె మనిషి. నల్లరేగడి ఎండకు పగుళ్ళిచ్చినా ఆమె మాట పగుళ్ళివ్వదు. ఆమెది ఒకటే చట్టం. ఆ ఇంటి దేవర ఎప్పుడో పెద్దల కాలంలో ఉత్తరాన్నించి గంపలో కూర్చుని వచ్చిందట. ఆమెకు తెలుగు తప్ప రాదట. గడప లోపల అరవం వినబడితే, ఇదెవరి ఇల్లో అనుకుని గంపతో సహా లేచిపోతుందట. అందుకని ఆ ఇంట్లో ఎవరూ తమిళం మాట్లాడకూడదు. వీధిలో తెలుగు ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఏ ఇంట్లోనూ ఈ ఆగడం లేదు. ఈ ఇంట్లో టీవీ కూడా మూగదే. సీరియల్‌లో ఆడవాళ్ళు నోరు తెరుస్తారు, మూస్తారు, కళ్ళు తుడుచుకుంటారు. ఎందుకు ఏడుస్తున్నారో పట్టమ్మాళ్ తెలుగులో తనే చెప్పుకుంటుంది.

పదో తరగతి పుస్తకాలేమో తమిళంలో ఉన్నాయి.

మొదటి రోజు మునీశ్వరి ఇంట్లోనే కూర్చుని సైన్సు పుస్తకంలో ఒక్క వాక్యం పైకి చదివింది. పట్టమ్మాళ్ లేచి గంప మీద దుప్పటి కప్పి, తానూ ముసుగు పెట్టుకుని, రాత్రి కూడు ముట్టలేదు. సీనివాసన్ చిన్న లోడు బండి నడుపుతాడు. మిరపకాయ మూటలైతే ఎన్నైనా మోస్తాడు గాని, తల్లి అలక మోయలేడు. "బడిని బయట పెట్టుకోవే తల్లీ" అని పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. అలా బడి వీధి తిన్నె మీదికి వచ్చింది.

గడపలో ఉన్న మహిమ శివరంజని రెండో రోజే కనిపెట్టింది. కష్టమైన ప్రశ్న రాగానే, "నీళ్ళు తాగొస్తా అమ్మా" అని గడప దాటేది. ఆమె వెనకే పుస్తకం పోవడానికి లేదు. దొంగ గుళ్ళో దూరితే పోలీసులు బయట నిలబడ్డట్టు, మునీశ్వరి తిన్నె మీద పుస్తకం పట్టుకుని నిలబడేది. ఆ పిల్ల తాగిన నీళ్ళు లెక్కేస్తే కోవిల్‌పట్టి ఊరందరికీ ఒక వేసవి గడిచిపోయేది.

"రంజీ, బయటికి రా. కాంతి పాటం సగంలో ఉండాది."

"లోపలికి వచ్చి తెలుగులో చెప్పు. వింటా."

మునీశ్వరి ఆ ముచ్చట కూడా తీర్చింది. పుస్తకం తిన్నె మీదే పెట్టి, లోపలికి వెళ్ళి, తెలుగులో మొదలుపెట్టింది. "వెలుతురు ఉండాది గదా. అది నీళ్ళలోకి పోయేటప్పుడు... పక్కకి... ఒక మాదిరిగా..." అని చేతిని వంకరగా తిప్పింది. ఆ పైన మాట లేదు. పెద్ద చదువుల తెలుగులో దానికి ఏదో పేరుంటుంది. కోవిల్‌పట్టి ఇళ్ళలోకి ఆ పేరు ఏ బస్సూ దింపిపోలేదు. ఆ వంకర చెయ్యి అలాగే ఉండగా తల్లి బయటికి, కూతురు మంచం మీదికి.

తిన్నె మీద మాత్రం మనశ్శాంతి ఉందా? వీధి అంతా పంతుళ్ళే. సైకిల్ షాపు మునియసామి రోజూ సాయంత్రం వచ్చి, పాఠం ఏదైనా సరే, దాన్ని బ్రేకు దగ్గరికి తీసుకుపోయేవాడు. న్యూటన్ నియమమా, బ్రేకు. రక్త ప్రసరణా, బ్రేకు. ఒకసారి ప్రపంచ యుద్ధాన్ని కూడా బ్రేకు పట్టకపోవడం వల్లే వచ్చిందని తేల్చాడు. పూలు కట్టే వెళ్ళైయమ్మాళ్ పాఠం వినేది కాదు, ప్రశ్నలు వేసేది.

"ఈ ఎక్స్ అనేది ఎంతని ఇప్పుడు కనిపెట్టినారు గదా మునీ. మళ్ళీ పక్క లెక్కలో తెలీదంటారే, అప్పటికే మరిచిపోయినారా?"

"ప్రతి లెక్కకీ వేరే ఎక్స్ అక్కా."

"ఒక నిలకడ లేనిదాన్ని నమ్ముకోని పిల్లకి ఏం నేర్పిస్తావు?"

ఎక్స్‌కు నిలకడ లేకపోవడం మునీశ్వరికీ నచ్చలేదు. ఇంగ్లీషు వచ్చేసరికి ఆమె ఒక వాక్యం చదివితే, వీధి చివరి ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆటాపి వచ్చి నవ్వి పోయేవాళ్ళు. తమిళ పద్యం ఒక్కటే ఆమెకు కంఠతా వచ్చు. అది ఈ పుస్తకంలో లేదు, తీసేశారు.

పాకం దగ్గర నిలబడి కూడా పాఠాలే వల్లించుకునేది. ఒకరోజు గుండెకు ఎన్ని గదులో లెక్కపెట్టుకుంటూ పాకాన్ని ముదరబెట్టింది. ఆ రోజు మిట్టాయి కొరికి ఎట్టయాపురంలో ఒకాయన రెండు పళ్ళు పోగొట్టుకున్నాడంటారు. ముదురు పాకానికి మేస్త్రీ పెట్టిన చీవాట్లు తిని ఇంటికి వచ్చి, మూడున్నర ఎండలో తిన్నె మీద చెమటలు కక్కుతూ, "గుండెకి ఎన్ని గదులు?" అని అడిగితే కూతురు లేచి గడప దాటేది.

అదైనా ఓర్చుకునేది. లోపలినుంచి నవ్వులు వినబడేవి. అవ్వా మనవరాలూ గుసగుసలు, ఆ తర్వాత నవ్వులు. తన మీదే నవ్వుతున్నారని మునీశ్వరికి గట్టి నమ్మకం.

"ఏమత్తా అంత నవ్వు?" అని బయటినుంచి అరిచేది.

"నీ పని నువ్వు చూసుకో. మేము ఇంటి సంగతులు మాట్లాడుకుంటాం" అనేది పట్టమ్మాళ్.

మొగుడితో మొరపెట్టుకుంటే ఆయన లుంగీ దులుపుకుని లేచేవాడు. "మా అమ్మకి చెప్పేది, ఎదురొచ్చే లారీకి చెప్పేది ఒకటే."

కార్తీక దీపం వచ్చేసింది. ఆ రోజు వాన కూడా వచ్చింది. వాన అంటే అలాంటి ఇలాంటి వాన కాదు, సముద్రం తూత్తుకుడి వదిలి ఇటు బయల్దేరిందా అనిపించే వాన. తిన్నె మునిగింది. ఉషా గొడుగు విరగ్గొట్టుకుని, విరుదునగర్ నూనె పరోటా పొట్లం ఒంటికి హత్తుకుని దిగింది. తలైనా తుడుచుకోకుండా శివరంజనిని ఎదురుగా కూర్చోబెట్టి, సాంఘికం పుస్తకం తెరిచి, తమిళంలో మొదటి ప్రశ్న మొదలుపెట్టింది.

"ఉషా" అంది మంచం మీద పట్టమ్మాళ్. గంప వైపు కన్ను చూపింది.

"అమ్మా, ఇది పరీచ్చ."

"దేవరకి పరీచ్చ తెలీదు."

ఉషా ఆ తల్లి కడుపున పుట్టిన మనిషే, ఆ చట్టం కింద పెరిగిన మనిషే. వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. కానీ విరుదునగర్‌లో ఇన్నేళ్ళు కాపురం చేసి, నాలుక మీద తెలుగుకు తుప్పు పట్టింది. ప్రశ్న చదువుకుంది, మింగింది, పైకి చూసింది, మళ్ళీ చదువుకుంది.

"ఆ... ముందర వచ్చినది... పెద్ద సండ. లోకమంతా కొట్టుకునిరే. అది ఎట్ల మొదలాయ?"

శివరంజని గోడ వంక చూసింది. మునీశ్వరి గుండె నాలుగు గదుల్లోనూ ఒకేసారి తలుపులు పడ్డాయి. పిల్ల పెదవి కదల్లేదు.

"ఏమే పిల్లా, నోట్లో వక్క ఉండాదా?" అంది పట్టమ్మాళ్. "నాకి చెప్తివి గదా. ఆ ఏలేవాని తమ్ముని కొడుకుని, పెండ్లాంతో బండిలో పోతాంటే కాల్చిరని. ఆ కతనే గదా మీ అత్త అడిగేది."

"ఓ, అదా" అంది శివరంజని. అత్త వైపు వీపు పెట్టి, అవ్వ వైపు తిరిగి కూర్చుంది. ఇక మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి వియ్యపువారు, ఎవరి పొలం గట్టు మీద ఎవరి కన్ను, ఒకడి మీద చెయ్యి పడితే ఎవరెవరు కర్రలు తీసుకుని రావాలని ముందే మాట్లాడుకున్నారు, అన్నీ చెప్పింది. వింటుంటే అది విళాత్తికుళం పక్క ఊరి కొట్లాటలా ఉంది గాని, దేశాల పేర్లు మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఉషా పుస్తకంలో వేలు పెట్టి సరిచూసుకుంటూ వచ్చింది. వేలు ఎక్కడా ఆగలేదు.

ఉషా సైన్సు అడిగింది. శివరంజని సన్న తీగలో కరెంటుకు అడ్డం ఎందుకెక్కువో, నాగలాపురం బస్సుకు ఒకే తలుపు ఉంటే జనం ఎలా దిగుతారో చెప్పి చూపించింది. జలగ గురించి అడిగితే పిల్ల సగం చెప్పగానే పట్టమ్మాళ్ అందుకుంది.

"మూడు దవడలు. అది చెప్పలేదే నువ్వు."

"చెప్పేలోగా నువ్వే చెప్పేస్తివి అవ్వా."

మునీశ్వరికి అప్పుడు తెలిసింది. లోపలికి పోయిన పిల్లను ముసలిది ఊరికే పడుకోనివ్వలేదు. 'బయట మీ అమ్మ ఏమని అరిచె, తెలుగులో చెప్పితేనే ఈ మంచం మీద చోటు' అని ప్రతిసారీ పీకి పీకి చెప్పించుకుంది. ఆ గుసగుసలు ఇవి, ఆ నవ్వులు ఇవి. సంతోషం రావలసిన చోట మునీశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఎండలో నిలబడింది తను, పాకం మాడ్చుకుంది తను, వెళ్ళైయమ్మాళ్ చేత మాట పడింది తను. తనకు ఒక్క జవాబు చెప్పని పిల్ల ఈ ముసలిదానికి యుద్ధాలకు యుద్ధాలు వడ్డించింది.

"చెప్పింది గదా వదినా" అంది, పళ్ళ మధ్యనుంచి. "నీ మాట ప్రకారం..."

"చెప్పింది. కాదనలేదు." ఉషా కాగితం, పెన్ను తీసింది. "పరీచ్చ హాల్లో మా అమ్మ మంచం వేసుకోని కూర్చోదు గదా మునీ. ఆడ రాయాల. అరవంలో రాయాల. రాసేది చెవికి వినపడదు, దేవరకి ఏం కష్టం లేదు. రాయనీ."

పట్టమ్మాళ్ రాతకు చప్పుడు లేదని ఒప్పుకుంది.

శివరంజని పెన్ను పట్టుకుంది. ఒక వాక్యం రాసింది, కొట్టేసింది. సంగతి తలలో ఉంది, పుస్తకం వాడే మాటలు లేవు. ఆ మాటలు వచ్చేవేళకే ప్రతిసారీ నీళ్ళు తాగడానికి లేచిపోయింది మరి. కాగితం సగం కూడా నిండలేదు. ఉషా పెదవులు బిగించి చదివి, దాన్ని మునీశ్వరి చేతిలో పెట్టింది. అందులో ఏముందో మునీశ్వరికీ కనబడింది. ఎనిమిదిదాకా చదివింది కదా.

"దీనికి ఎవరూ పాసు వేయరు. నీకి కోపం వద్దు మునీ. హాస్టల్లో రాయించి రాయించి నేర్పిస్తారు. గుడ్డలు సర్దు."

మునీశ్వరి వాదించలేదు. ఆకుల ముందు అంతమంది మధ్య ఇచ్చిన మాట. లేచి, కొయ్య మీదున్న పిల్ల బట్టలు లాగి సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. కుక్కుతూ తిట్టింది. పిల్లను తిట్టింది, అత్తను తిట్టింది, ఎక్స్‌ను తిట్టింది, జలగను తిట్టింది. తిట్లు అయిపోయాక కూడా చేతులు ఆగలేదు. ఒక పావడానే మూడుసార్లు మడిచింది.

"నేను పోను అమ్మా" అంది శివరంజని.

"ఆ మాట తిన్నె మీద కూర్చుని చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పి ఏం చేసేది?"

మంచం కిర్రుమంది. పట్టమ్మాళ్ దిగి, వక్కల సంచి నడుముకు దోపుకుని, గంప దగ్గరికి వెళ్ళింది.

"యాడికత్తా?" అంది మునీశ్వరి.

"విరుదునగర్‌కి. పిల్ల పోతే ఆ సండ చివర ఎవరు గెలిచిరో నాకెవరు చెప్తారు? ఇంకా హిట్లర్ అని ఒకడు వస్తాడంట, వాడు వచ్చేకముందే నిలిచిపోయుండాది. నేనూ పోతా. నన్ను వదిలిపెట్టి దేవర ఈడ ఉండదు, ఆమె గూడా వస్తాది."

ఉషా కూర్చున్న చోటే ఉండిపోయింది. తల్లి వస్తే చట్టం వస్తుంది. ఉషా మొగుడు ఫోన్‌లో మాట్లాడితే పప్పు మిల్లు యంత్రం ఆగినా ఆయన గొంతు ఆగదు, అదంతా తమిళం. కొడుకులు ఇద్దరికీ తెలుగులో 'అన్నం' తప్ప రాదు. సాయంత్రం ఆరునుంచి పదిదాకా వరసగా సీరియళ్ళు. ఆ సీరియళ్ళు మూగపోయిన ఇంటిని ఉషా ఒకసారి మనసులో చూసుకుంది.

"అమ్మా, కూతురింట్లో వచ్చి ఉంటారా ఎవరైనా? నలుగురు ఏమంటారు?"

"ఏమైనా అననీ. అయితే తెలుగులో అననీ."

"మా ఇంట్లో పైకి మాడిమెట్లు ఎక్కలేవు."

"కిందనే పడుకుంటా. ఆ టీవీ ఉండే రూము చాలు."

ఉషా తడిసిన గొడుగు తీసి విదిలించింది, మడిచింది, మళ్ళీ విదిలించింది. పరోటా పొట్లం మునీశ్వరి వైపు తోసింది.

"వానలో పిల్లని యాడ పిలుచుకోని పోయేది, ఇప్పుడే కామెర్ల నించి తేరిన ఒళ్ళు. ఈడే ఉండనీ. అయితే ఒక మాట మునీ. చెప్పేది చాలు, ఇంక రాసేది. ప్రతి వారం రాసిన కాగితాలు ఫోన్‌లో పంపాల. పంపకపోతే..."

"పంపకపోతే నేనూ వస్తా" అంది పట్టమ్మాళ్.

"పంపకపోయినా నువ్వు రావద్దు" అంది ఉషా.

వాన తగ్గగానే ఉషాను సీనివాసన్ బండిలో బస్టాండులో దించడానికి తీసుకెళ్ళాడు. మునీశ్వరి సంచి బోర్లించి, బట్టలు ఒక్కొక్కటి దులిపి కొయ్యకు వేసింది. కళ్ళు ఒకసారి పైటతో తుడుచుకుంది, పరోటా మసాలా ఘాటని ఎవరూ అడక్కుండానే చెప్పింది. ఆ తర్వాత కూతురి ఎదుట నిలబడింది.

"ఇంకనించి తిన్నె మీద జవాబు రాసినాకనే లోపలికి కాలు పెట్టేది. నీళ్ళు నేనే బిందెతో బయట పెడతా."

"రాసినాక లోపలికొచ్చి నాకి చెప్పాల" అంది మంచం మీదినుంచి పట్టమ్మాళ్.

"చెప్పినాక మళ్ళీ రాయాల. ముందర రాసినది తప్పుంటాది."

"ఆ తప్పు ఏమిదో గూడా నాకి చెప్పాల."

"చెప్తాదత్తా. చెప్పకపోతే కూడు లేదు."

"అట్లనే పెట్టు మునీ. కూడు చూపించే చదివించు."

అత్తాకోడళ్ళు ఒక మాట మీద నిలబడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. వాళ్ళు ఇప్పుడు లెక్కల పుస్తకాన్ని ఏ పూట ఏం చేయాలో మాట్లాడుకుంటున్నారు. శివరంజని ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. మెల్లగా గడప దగ్గరికి వచ్చి, అప్పుడే తిరిగి వచ్చి బండి ఆపుతున్న తండ్రిని అడిగింది.

"నాయనా, అత్త బస్సు పోయేసిందా?"